పడితే విరిగిందా, విరిగేలా ఉండి పడిందా: ఎస్72 మేలా, ఎం80 మేలా?

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా చార్ట్‌లు, అంటే రోగుల రికార్డులు, చదివి జబ్బులకి కోడ్ వేసేవాళ్లకి తరచూ ఎదురయ్యే కేసే ఇది. ఎస్72 అంటే దెబ్బకి తొడ ఎముక విరిగితే వేసే కోడ్, ఎం80 అంటే ఎముకలు గుల్లబారే జబ్బు వల్ల విరిగితే వేసేది. 78 ఏళ్ల పెద్దావిడ బాత్‌రూమ్‌లో జారి పడింది. కుడి తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. ఎమర్జెన్సీ నోట్ నిండా పడిన కథే. ఎక్కడో నాలుగో పేజీలో, పాత జబ్బుల వరసలో, ఒక్క మాట: ఆస్టియోపోరోసిస్, అదే ఆ ఎముకలు గుల్లబారే జబ్బు.

కొత్త కోడర్ చెయ్యి నేరుగా ఎస్72.001ఏ మీదకు పోతుంది. పడింది, విరిగింది, దెబ్బ కోడ్ వేశాం! కానీ ఈ కోడ్‌లన్నీ ఉండే అమెరికా పద్ధతి ఐసీడీ-10-సీఎం, దాని గైడ్‌లైన్ వేరేలా చెబుతుంది. ఆస్టియోపోరోసిస్ ఉందని తెలిసిన మనిషి, ఆరోగ్యమైన ఎముకను మామూలుగా విరగ్గొట్టలేని చిన్న పాటుకే ఎముక విరగ్గొట్టుకుంటే ఎం80 వేయాలి, దెబ్బ కోడ్ కాదు. ఇక్కడైతే ఎం80.051ఏ. జబ్బు, ఫ్రాక్చర్ రెండూ అందులోనే ఉన్నాయి కాబట్టి పక్కన మళ్లీ ఎం81.0 (ఫ్రాక్చర్ లేని ఆస్టియోపోరోసిస్ కోడ్) అక్కర్లేదు. ఎస్72కి ఎం81.0 తగిలించి "రెండూ చెప్పేశాం" అనుకోవడం నేను ఎక్కువగా చూసే తప్పు. ఆ జంట ఎప్పుడూ తప్పని కాదు. అదే పెద్దావిడ కారు ప్రమాదంలో ఎముక విరగ్గొట్టుకుంటే, డాక్టర్ దాన్ని దెబ్బ వల్లే అని రాస్తే, అప్పుడు ఆ జంటే సరైనది.

చిక్కల్లా "చిన్న పాటు" దగ్గరే. అది చిన్నదా పెద్దదా తేల్చాల్సింది డాక్టర్, మనం కాదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా రిపోర్టులో టీ-స్కోర్ మైనస్ 2.5 కంటే కింద, అంటే ఆస్టియోపోరోసిస్ స్థాయిలో ఉన్నా, ఆస్టియోపోరోసిస్ అని డాక్టర్ రాయకపోతే ఆ నంబర్ చూసి మనం ఎం80 వేయకూడదు.

అందుకే నా ఓటు మూడో దారికి: క్వెరీ, అంటే డాక్టర్‌నే అడగడం. ప్రొడక్షన్ టార్గెట్ దెబ్బతింటుంది, టీమ్ లీడ్ మొహం మాడ్చుకుంటాడు, నిజమే. అయినా ఆడిట్‌లో ఎరర్ పడటం కన్నా నయం. "ఇది ఆస్టియోపోరోసిస్ వల్లే కదా?" అని అడిగితే మాత్రం అది క్వెరీ కాదు, జవాబు నోట్లో పెట్టడం. చార్ట్‌లో కనిపించినవి చూపించి, ఆస్టియోపోరోసిస్ వల్లా, దెబ్బ వల్లా, ఇంకేదైనా కారణమా, చెప్పలేమా అని అన్నీ ముందుంచాలి.

జబ్బు వల్ల విరిగిన ఎముకకి వేసే మరో కోడ్ ఎం84.4 మాటేమిటంటారా? ఎముక జబ్బు వల్లే విరిగిందని రాసి, ఆ జబ్బేదో రాయనప్పుడు అది సరే. క్యాన్సర్ వల్ల అయితే ఎం84.5. ఏది వేయాలో తెలియక దాక్కునే చోటు మాత్రం కాదది.

ఇక కోడ్ చివర వచ్చే ఏడో అక్షరం. "ఏ" అంటే మొదటి విజిట్ అనుకుంటారు చాలామంది. కాదు, చికిత్స జోరుగా సాగుతున్నంతకాలం "ఏ"నే, డాక్టర్ మారినా సరే. మామూలుగా మానుతున్న దశలో "డీ". పూర్తిగా మానిపోయాక ఎం80 పనికిరాదు, ఎం81.0కి పాత ఫ్రాక్చర్ చరిత్ర చెప్పే జెడ్87.310 జోడించాలి.