ఏసీఎల్ తెగితే ఏది మేలు: వెంటనే ఆపరేషనా, ముందు వ్యాయామమా?

కూతకు వెళ్లిన కుర్రాడు గీత వైపు చటుక్కున మళ్లబోతే, పాదం మ్యాట్‌ను వదలక మోకాలు మెలితిరుగుతుంది. లోపల టప్‌మన్న చప్పుడు అతనికే తెలుస్తుంది. రెండు మూడు గంటల్లోనే కీలులో రక్తం చేరి మోకాలు ఉబ్బిందంటే ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకను కింది కాలి ఎముకతో కట్టి ఉంచే పట్టీలాంటి లిగమెంట్, తెగిందన్న అనుమానం బలపడుతుంది. ఆ స్థితిలో మర్దన చేయించడం, కాలు పట్టి లాగించడం ఎంతమాత్రం తగదు.

ఎమ్మారైలో ఏసీఎల్ ఒక్కటే తెగినట్లు తేలితే, ఆపరేషన్‌కు తొందరపడనక్కరలేదని నా అభిప్రాయం. స్వీడన్‌లో 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 121 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి త్వరగా ఆపరేషన్, మరో వర్గానికి ముందుగా వ్యాయామ చికిత్స, అవసరమైనవారికి తర్వాత ఆపరేషన్ చేసి చూశారు. ఐదేళ్ల తర్వాత నొప్పిలోనూ పనితీరులోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు; అయితే రెండో వర్గంలో సగం మందికి చివరికి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆ 121 మందిలో వృత్తి క్రీడాకారులు లేరన్నది మరువరాదు. కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి మలుపుల ఆటలకే తిరిగి వెళ్లాలనుకునేవారికి, నడకలోనే మోకాలు జారిపోతున్నవారికి ఆపరేషనే మొగ్గు.

మోకాలు పూర్తిగా చాపలేకుండా బిగుసుకుపోతే మాత్రం చిరిగిన మెనిస్కస్ (మోకాటి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కీలులో అడ్డుపడి ఉండవచ్చు కనుక ఆలస్యం చేయకూడదు. ఎదిగే పిల్లల విషయం ఇంకా చిక్కు: ఎముక చివరి ఎదుగుదల పొరను దెబ్బతీయకుండా ఆపరేషన్ చేయాలి, చేయకుండా వదిలేసి ఆడనిస్తే మెనిస్కస్ చిరిగే ముప్పు పెరుగుతుంది. అలాంటి పిల్లలను ఈ ఆపరేషన్లలో అనుభవమున్న సర్జన్‌కే చూపించాలి.

ఆపరేషన్ చేయించుకుంటే వ్యాయామం తప్పుతుందనుకోవడం పొరపాటు. తెగినదాన్ని సాధారణంగా కుట్టరు, తొడ వెనుక స్నాయువునో (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం), మోకాటి చిప్ప కింది స్నాయువునో కొంత తీసి దాని స్థానంలో అమరుస్తారు, అది లిగమెంట్‌గా కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే తొమ్మిది నెలలకు ముందు మైదానంలో దిగినవారికి మళ్లీ దెబ్బ తగిలే ముప్పు ఎక్కువ. నెలలు నిండడమే చాలదు: ఒంటికాలి గెంతులో దెబ్బతిన్న కాలు రెండో కాలు దూరంలో కనీసం 90 శాతమైనా అందుకోవాలి, తొడ కండరాల బలమూ అంతే ఉండాలి.