పెద్ద ఐటీ కంపెనీలో ఏళ్ళ తరబడి: ఇంటర్వ్యూ నుంచి నోటీసు పీరియడ్ దాకా

2017లో వరంగల్‌లో ఇంజనీరింగ్ అవగానే క్యాంపస్ సెలక్షన్‌లో ఈ కంపెనీకి వచ్చాను. పేరు చెప్పను. ఇప్పుడు అప్పుడప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నన్నే కూర్చోబెడుతున్నారు.

ఇంటర్వ్యూ పెద్ద కష్టం కాదు. ఆన్‌లైన్ టెస్టు, టెక్నికల్, హెచ్‌ఆర్. టెక్నికల్‌లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి గుచ్చి గుచ్చి అడుగుతాం. అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టయితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ప్యానెల్ ఫారంలో కమ్యూనికేషన్‌కు వేరే మార్కులుంటాయి. ఇంగ్లిష్‌లో తడబడ్డారని మన దిక్కు పిల్లలకు అక్కడ కోత పెట్టేవాళ్ళున్నారు. లాజిక్ సరిగ్గా ఉంటే నేను కోత పెట్టను. ఏ టెక్నాలజీలో వేస్తారన్నది మాత్రం ఇంటర్వ్యూతో తేలదు. జావా నేర్చుకొచ్చిన నా ఫ్రెండును టెస్టింగ్‌లో వేశారు, ఆ వారం ఖాళీ అక్కడే ఉందట.

అసలు పరీక్ష చేరాక మొదలవుతుంది. నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) పెడితే కిందికెళ్ళి చాయ్ తాగొచ్చినా అయ్యేది కాదు. ర్యామ్ కావాలని ఐటీ సపోర్టుకు టికెట్, అంటే ఆన్‌లైన్ రిక్వెస్టు, పెట్టాను. మేనేజర్ అప్రూవ్ చేశారు, ఆయన పైవాళ్ళు చేశారు, తర్వాత కాస్ట్ సెంటర్ కోడ్ (ఖర్చు ఎవరి లెక్కలో పడాలో చెప్పే నంబరు) తప్పని వెనక్కొచ్చింది. కోడ్ సరిచేసేలోగా మేనేజరే మారిపోయారు. మళ్ళీ మొదటి నుంచి. చివరికి ‘రిజాల్వ్‌డ్’ అని మెయిల్, కింద మా సర్వీసుకు రేటింగ్ ఇవ్వండని లింకు. ర్యామ్ మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే, “అది క్లోజ్ అయిపోయింది సార్, కొత్తది రైజ్ చేయండి” అన్నాడు సపోర్టు అబ్బాయి. అతన్నీ అనలేం, గడువులోగా క్లోజ్ చేయకపోతే అతని అప్రైజల్ పోతుంది. తహసీల్దార్ ఆఫీసులోనైతే పోట్లాడటానికి ఎదురుగా ఓ మనిషైనా ఉంటాడు.

అప్రైజల్ సంగతీ అంతే. టీమంతా బాగా చేసినా అందరికీ మంచి రేటింగ్ ఇవ్వనివ్వరు. “ఈసారి అతనికి ప్రమోషన్ డ్యూ ఉంది, అర్థం చేసుకో” అంటారు మేనేజర్. అర్థం చేసుకుంటూనే ఉన్నాం.

ఆఫర్ లెటర్ అందుకున్నవాళ్ళు సీటీసీ (మన మీద కంపెనీ పెట్టే ఏడాది మొత్తం ఖర్చు) చూసి ఊర్లో చెప్పుకోకండి. కంపెనీ వాటా పీఎఫ్, ఇన్సూరెన్స్, వేరియబుల్ పే అందులోనే కలిపేస్తారు. బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ కింద చూపిస్తారు, కానీ మామూలుగా ఐదేళ్ళు నిండితేనే అది చేతికొస్తుంది.

మంచీ ఉంది. జీతం ఏ నెలా ఆగలేదు. నాన్నకు స్టెంట్ వేసినప్పుడు కంపెనీ ఇన్సూరెన్సే ఆదుకుంది, చేతి నుంచి పెద్దగా పడలేదు. కరోనాలో హన్మకొండలో ఇంటి నుంచే పనిచేశాను. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు సోమవారం చీకటితోనే బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, మెట్రోలో రాయదుర్గం. మడికొండ ఐటీ పార్కులో 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచినప్పుడు మా వాళ్ళూ వస్తారని ఆశపడ్డాం. రాలేదు.

మొదటి ఉద్యోగమైతే చేరండి. రెండు మూడేళ్ళలో కొత్తగా నేర్చుకునేది లేదనిపిస్తే వెతుక్కోవడం మొదలుపెట్టండి, ఎందుకంటే నోటీసు పీరియడ్ 90 రోజులు, అంతకాలం ఆగే కంపెనీలు తక్కువ. రిలీవింగ్ లెటర్‌కూ టికెట్ పెట్టాల్సిందే, ఆ నంబరు రాసిపెట్టుకోండి.

ఈ కంపెనీకి నేనిచ్చే రేటింగ్ ఐదుకు మూడు. అందులో ఒకటి ఇన్సూరెన్సుదే.