మాజ్డా దారి, సుబారు దారి

టొయోటా, హోండా, నిస్సాన్‌ల నీడలో నిలదొక్కుకోవలసి వచ్చిన జపాన్ చిన్న కంపెనీలలో మాజ్డా, సుబారు రెండు వేర్వేరు దారులు పట్టాయి.

హిరోషిమాకు చెందిన మాజ్డా ఇతరులు వదిలేసిన యంత్రాన్ని పట్టుకుంది. పిస్టన్లకు బదులు త్రికోణాకారపు రోటర్ తిరిగే ఇంజన్‌ను 1967లో కాస్మో స్పోర్ట్ కారులో అమర్చి, అదే తరహా ఇంజన్‌తో 1991లో ఫ్రాన్స్‌లో జరిగే లే మాన్ 24 గంటల కార్ల పందెం గెలిచింది. పేరు వచ్చింది గానీ, ఆ ఇంజన్ ఇంధనం ఎక్కువ తాగేది కావడంతో 1973 చమురు సంక్షోభం కంపెనీని కుదిపివేసింది. నా దృష్టిలో మాజ్డాకు అసలు మేలు చేసింది, నడపడంలోని ఆనందమే ప్రధానంగా తేలికగా రూపొంది 1989లో వచ్చిన రెండు సీట్ల మియాటా. 2016 నాటికి అవి 10 లక్షలు తయారయ్యాయి.

సుబారుకూ 1966 నుంచి బాక్సర్ ఇంజన్ (పిస్టన్లు ఎదురెదురుగా అడ్డంగా కదిలేది) ప్రత్యేకత ఉంది. అయితే 1990లలో అమెరికాలో అమ్మకాలు కుంగినప్పుడు అది యంత్రాన్ని కాక కొనుగోలుదారును పరిశీలించింది. నాలుగు చక్రాలకూ శక్తినందించే కారు కోసం ఎక్కువ ధర చెల్లిస్తున్నవారెవరని ఆరా తీస్తే ఉపాధ్యాయులు, ఆరోగ్య సిబ్బంది, కొండల్లో తిరిగేవారు, లెస్బియన్ మహిళలు కనిపించారు. ఇతరులు జంకిన ఆ చివరి వర్గాన్ని కూడా ప్రకటనల్లో పలకరించింది.

ఈ రెండో దారికి పరిశోధన ఖర్చు తక్కువ కాబట్టి చిన్న కంపెనీకి నేను దీనినే సూచిస్తాను. కాకపోతే సుబారు అమ్మకాల్లో అధిక భాగం అమెరికాలోనే జరుగుతుండటంతో, అక్కడి సుంకాలు పెరిగినప్పుడల్లా దానికి గట్టి దెబ్బ తగులుతుంది.