ఫంక్షన్లతో ఏనుగు బొమ్మ నేర్పిస్తామనే ఆన్‌లైన్ క్లాసుకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

పిల్లల గ్రూపులన్నిట్లో తిరుగుతున్న ఆ పోస్టరు మీరూ చూసే ఉంటారు. "నాలుగే నాలుగు సంఖ్యలతో ఏనుగు! మీ పాప చేత గీయిస్తాం." ఎనిమిది క్లాసులు, 3,600 రూపాయలు. నేను కట్టాను. నిన్న రాత్రి జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

మొదటి మూడు క్లాసులు ఆ సారు బాగానే చెప్పాడు, అబద్ధమాడను. సరళరేఖ, పరావలయం (గిన్నెలా వంగిన గీత), డెస్మోస్ అనే గ్రాఫులు గీసే సైట్‌లో మీసాల బ్రాకెట్లలో హద్దు పెట్టి గీతను కావలసినచోట కత్తిరించడం, ఇవన్నీ అయ్యాయి. మా అమ్మాయి ఏనుగు వీపు తనే గీసింది: వై = −0.2(ఎక్స్ − 1)² + 6, ఎక్స్ −4 నుంచి 6 వరకు. ఇంట్లో అందరికీ చూపించింది. ఆ తర్వాత రెండు క్లాసులు రద్దు, ఒకటి ఇరవై నిమిషాల్లో ముగిసింది. చెవి దగ్గర పిల్ల ఆగిపోయింది. తొమ్మిది రోజులు! నోటుబుక్కు నిండా పరావలయాలే. ఎంత మార్చినా చెవి మూసుకోవడం లేదు.

చివరి క్లాసులో ఆయన తయారైన ఏనుగు లింకు పంపాడు. చెవి, తొండం, కంటి కింద ముడతలు, అంతా అచ్చు ఏనుగే. మా అమ్మాయి అడిగింది: "సార్, చెవి ఏ సమీకరణంతో వచ్చింది? నాది మూసుకోవట్లేదు." నేను పక్కనే ఉన్నాను. ఆయన జవాబు: "అంత లోతు నీకెందుకమ్మా? పేరు మార్చుకుని పెట్టెయ్, సర్టిఫికెట్ వచ్చేస్తుంది."

పిల్ల కెమెరా ఆపేసి, "నాకు లెక్కలు రావేమో అమ్మా" అంది.

ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. రాత్రి పదకొండింటికి ఆ లింకు తెరిచాను. ఎడమవైపు సమీకరణాల జాబితాలో మూసి ఉన్న ఫోల్డర్ ఒకటి కనిపించింది. బాణం గుర్తు నొక్కాను. అందులో ఒక్క సమీకరణం లేదు, ఒక ఫొటో ఉంది. దాన్ని ఆపగానే ఏనుగు మాయం. తెర మీద మిగిలినవి ఐదు గీతలు. వాటిలో ఒక పరావలయానికి హద్దు కూడా పెట్టలేదు, అది కింది అంచు దాకా జారిపోయింది. తొమ్మిది రోజులు కష్టపడిన నా బిడ్డ చివరికి ఒక ఫొటోతో పోల్చుకుని తనకి బుర్ర లేదనుకుంది.

ఉదయం ఫోన్ చేశాను. "మేడమ్, బొమ్మ చూసి పాప సంతోషపడింది కదా, ఇంకేం కావాలి? అసలు గ్రాఫంటే మీకు తెలుసా?" అని పెట్టేశాడు. డిగ్రీలో మూడేళ్లు లెక్కలు చదివినదాన్ని. ఆ క్షణాన నోరు పెగల్లేదు. డబ్బు తిరిగివ్వమని పెట్టిన మెసేజ్‌కి జవాబు లేదు.

ఆ పిల్ల ప్రశ్నకి జవాబు ఒక్క నిమిషం పని. ఒక ఎక్స్‌కి ఒకే వై ఉంటేనే ప్రమేయం, అంటే ఫంక్షన్. చెవి గుండ్రంగా మూసుకోవాలంటే అదే ఎక్స్ దగ్గర పైన ఒక వై, కింద ఒక వై కావాలి. అంటే ఒక ప్రమేయంతో అది ఎన్నటికీ మూసుకోదు. రెండు ముక్కలు చేసుకోవాలి: వృత్తం సమీకరణంలోంచి వైని విడదీస్తే వర్గమూలం వస్తుంది, దాని ముందు ప్లస్ పెడితే వృత్తంలో పై సగం, మైనస్ పెడితే కింది సగం. ఇవాళ మధ్యాహ్నం నేను చెప్పాను. పది నిమిషాల్లో చెవి వచ్చింది. తనే గీసింది. ఇన్నాళ్లూ పక్కనే ఉండి నోటుబుక్కు తెరిచి చూడనందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. డబ్బు కట్టేశాం కదా అని వదిలేశాను.

ఇక ఆ "నాలుగు సంఖ్యలు" సంగతి. నాలుగు పరామితులు (సమీకరణంలో మనం మార్చుకోగలిగే సంఖ్యలు) ఇస్తే ఏనుగు ఆకారానికి సరిపెట్టేస్తాను, ఐదోది ఇస్తే తొండం ఊపిస్తాను అని గణిత శాస్త్రవేత్త వాన్ న్యూమన్ అనేవాడని భౌతిక శాస్త్రవేత్త ఫెర్మి 1953లో మరో భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్‌కి చెప్పాడు. లెక్కకి సరిపోయేలా సంఖ్యలు దిద్దుకుంటూ పోతే ఏదైనా రుజువైనట్టే కనిపిస్తుందని ఆ మాటలోని హెచ్చరిక. నిజంగా ఏనుగు గీసి చూపించిన వ్యాసం 2010లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చింది. అందులోవి నాలుగు సంకీర్ణ సంఖ్యలు (ఒక్కోదాంట్లో రెండేసి మామూలు సంఖ్యలుంటాయి), పద్ధతి ఫోరియర్ శ్రేణి, అంటే అలల్లాంటి వక్రాలను కలుపుతూ ఆకారం కట్టడం. పదో తరగతి పిల్లకి ఎనిమిది క్లాసుల్లో వచ్చేది కాదు. పోస్టరు చూసిన రోజే నేను అడగాల్సింది, అడగలేదు.

డెస్మోస్, అలాంటిదే అయిన జియోజెబ్రా, రెండూ పిల్లలు ఉచితంగా వాడుకోవచ్చు. మనం డబ్బు కట్టేది నేర్పినందుకు మాత్రమే. ఎవరైనా నమూనా బొమ్మ చూపిస్తే ఫోల్డర్లన్నీ తెరిపించండి, ఫొటో ఉంటే ఆపమనండి. కింద ఫొటో పెట్టుకుని దాని మీద గీతలు గీయడం తప్పు కాదు, ఫొటో తీసేశాక బొమ్మ మిగలాలి. రెండో బ్యాచ్ సోమవారం మొదలంటున్నారు. కట్టినవాళ్లుంటే ఈ రెండు రోజుల్లోనే అడగండి.