ఒంగోలులో మర్దన శిక్షణ: చేరే ముందు తెలుసుకోవలసినవి

ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన ఉన్న ఒక మర్దన శిక్షణ కేంద్రంలో ఇటీవలే కోర్సు పూర్తి చేశాను. ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి, ముఖ్యంగా ఇంట్లోవాళ్లను ఒప్పించి ఫీజు కట్టడానికి సిద్ధపడుతున్న ఆడపిల్లలకు, అక్కడ ఏమి నేర్పుతారో, ఏమి నేర్పరో తెలియాలని ఇది రాస్తున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చినది, ఎవరి మీద చేయి వేయకూడదో ముందుగా నేర్పడం. నూనె గిన్నె ముట్టుకోనివ్వక ముందే, వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, జ్వరం ఉందా, ఈమధ్య ఆపరేషన్ ఏదైనా జరిగిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడిగి రాసుకోవడం అలవాటు చేయించారు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చునని, రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చునని, అలాంటివారిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలని మేడమ్ పదేపదే చెప్పేవారు. మెడ ముందు భాగంలో, చంకలో, గజ్జలో, మోకాలి వెనుక గుంటలో నరాలు, రక్తనాళాలు పైపైనే ఉంటాయి కాబట్టి అక్కడ గట్టిగా నొక్కకూడదన్న సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా మాకు వంటబట్టింది.

చేసేవారి ఒంటి గురించి కూడా అంతే శ్రద్ధ తీసుకున్నారు. చేతులు వదులుగా వేలాడదీసి నిలబడినప్పుడు పిడికిలి కణుపులు తగిలేంత ఎత్తులో బల్ల ఉండాలని, మణికట్టు వంచకుండా, బొటనవేలి బలంతో కాకుండా కాళ్ల మీదినుంచి ఒంటి బరువును ముందుకు వాల్చి నొక్కాలని చూపించారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారు ప్రాక్టికల్ క్లాసులకు వచ్చినప్పుడు ఈ పాఠం విలువ తెలిసింది. బండబారిన ఆ నడుములను వేళ్ల బలంతో వదులు చేయాలని చూసినవారు మధ్యాహ్నానికే అలసిపోయేవారు, బరువు వాల్చడం పట్టుబడినవారు సాయంత్రం దాకా నిలబడగలిగారు. నువ్వుల నూనెతో అభ్యంగం, పొడవుగా నిమురుతూ, పిసుకుతూ చేసే స్వీడిష్ పద్ధతి, రెండూ చక్కగానే నేర్పారు.

ఆడపిల్లల భద్రత విషయంలో వారికి పూర్తి మార్కులు వేస్తాను. మర్దన చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటితో కప్పి ఉంచడం, అసభ్యంగా మాట్లాడినవారి సెషన్ అక్కడికక్కడే ఆపి బయటికి రావడం మాచేత సాధన చేయించారు. మన ఊళ్లలో మంత్రసానులు, నాయీబ్రాహ్మణులు తరతరాలుగా గౌరవంగా చేసిన ఈ పనిని ఇప్పుడు కొందరు చులకనగా చూస్తున్నారు కనుక, ఈ పాఠం ప్రతి శిక్షణ కేంద్రంలోనూ ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

శరీర నిర్మాణ శాస్త్రానికి కేటాయించిన సమయం మాత్రం చాలదు. నోట్సు పూర్తిగా ఇంగ్లీషులో ఉండడం వల్ల తెలుగు మీడియంలో చదివినవారు కండరాల పేర్లు బట్టీపట్టారే గాని, ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో వారికి అందలేదు. సర్టిఫికెట్ విషయం ఇంకా ముఖ్యం. ఈ రంగంలో నైపుణ్య శిక్షణకు ప్రమాణాలు నిర్ణయించే జాతీయ సంస్థ అయిన బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పరిధిలో స్పా థెరపిస్ట్ కోర్సు ఉంది. ఇక్కడ ఇచ్చేది మాత్రం ఈ కేంద్రం సొంత పత్రమే. ఆ సంగతి చేరేటప్పుడే చెప్పి ఉండవలసింది. ఫీజు కట్టే ముందు పత్రం ఎవరి పేరుమీద వస్తుందో రాతపూర్వకంగా అడగండి, ఒక పూట ప్రాక్టికల్ క్లాసులో కూర్చోనివ్వమని కూడా అడగండి. దానికి వారు కాదనరు.