ఫ్రెడరిక్స్‌బర్గ్ పయనీర్ మ్యూజియం: గోడలు చూడ్డానికైనా వెళ్లాలి

టెక్సస్‌లోని జర్మన్ల చరిత్ర కోసం ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్లేవాళ్లలో చాలామంది మెయిన్ స్ట్రీట్ దుకాణాల దగ్గరే ఆగిపోతారు. 1846 మేలో బళ్లు కట్టుకుని ఇక్కడ దిగిన కుటుంబాలు ఎలా బతికాయో తెలియాలంటే మాత్రం అదే వీధిలోని పయనీర్ మ్యూజియంకి వెళ్లాల్సిందే.

ఇది ఒకే భవనం కాదు, పాత ఇళ్లున్న ఆవరణ. ముందు కామ్లా ఇల్లు చూడండి. ఉన్న సమయంలో సగం దానికే ఇచ్చినా దండగ కాదు. 1849లో మొదలైన ఇల్లది, అవసరం పెరిగేకొద్దీ గదులు చేర్చుకుంటూ పోయారు. చాలాకాలం ఇందులోనే దుకాణం కూడా నడిపారు. పాత భాగంలో గోడకు దగ్గరగా నిలబడండి. నిలువు, ఏటవాలు దుంగలతో చట్రం కట్టి, మధ్య ఖాళీల్లో సున్నపురాళ్లు పేర్చి, పైన సున్నం పూశారు. జర్మనీలో ఆ ఖాళీల్ని తడికలూ మట్టితోనో, ఇటుకలతోనో నింపేవారు. ఇక్కడ ఎటు చూసినా సున్నపురాయే కాబట్టి పద్ధతి పాతదే, సరుకు మారింది. బరువు మోసేది చట్రమే. పూత ఊడితే వాన నీరు కర్రకీ రాయికీ మధ్య సందుల్లోకి దిగి కర్ర కుళ్లిపోతుంది. కాబట్టి ఆ సున్నం అందానికి పూసిందని అనుకోవద్దు.

తర్వాత వెబర్ సండే హౌస్, 1904 నాటిది. తొలి వలసదారులకు ఊళ్లో ఒక స్థలం, బయట పదెకరాలు ఇచ్చారు. పొలాలు దూరమైనవాళ్లు శనివారం వచ్చి సరుకులు కొనుక్కుని, ఆదివారం చర్చికి వెళ్లడానికి ఊళ్లో ఇలాంటి చిన్న ఇళ్లు కట్టుకున్నారు. చాలావాటికి అటక మెట్లు బయటే ఉంటాయి, పిల్లల పడక ఆ అటక మీదే. కార్లు, మంచి రోడ్లు వచ్చాక వీటి అవసరం తీరిపోయింది. ఇంత చిన్న కట్టడంలో ఒక వారం జీవితం మొత్తం అర్థమవడం ఈ మ్యూజియంలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం.

మార్కెట్ స్క్వేర్‌లోని ఎనిమిది పలకల ఫెరైన్స్ కిర్షె అనే చర్చిని మాత్రం అసలుదనుకోకండి. 1847లో కట్టిన చర్చి వీధి మధ్యలో ఉండేది, 1890లలో కూల్చేశారు. ఇప్పుడున్నది 1930లలో కట్టిన నమూనా. ఈ ప్రాంతపు మూలవాసులైన కమాంచీలతో జర్మన్ వలసదారుల నాయకుడు మాయ్‌జెబాఖ్ శాంతి ఒప్పందం కుదుర్చుకున్నదీ 1847లోనే. ఆ ఒప్పందం గురించి కాస్త చదువుకుని వెళ్తే ఊరు ఎలా నిలదొక్కుకుందో బాగా అర్థమవుతుంది.

ఇంటి నుంచి ఇంటికి ఆరుబయటే నడవాలి, వేసవైతే పొద్దున్నే వెళ్లండి. ఇదే వీధిలోని పసిఫిక్ యుద్ధ మ్యూజియాన్ని అదే రోజు పెట్టుకోవద్దు, అది చాలా పెద్దది, హడావుడిలో రెండూ సగం సగమే చూస్తారు.