మూడు పొరల సంచిలో పెసలు: పుచ్చు పురుగుకు గాలి అందని చోటు

కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మాగాణిలో వెదజల్లిన పెసలు మార్చికల్లా ఇల్లు చేరతాయి. ఏడాది పొడవునా పెసరట్టుకూ పులగానికీ మాకు అవే కావాలి, మళ్లీ డిసెంబరులో విత్తనం కూడా వాటిలోనుంచే తీయాలి. శ్రావణమాసం వచ్చేసరికి సగం గింజ పుచ్చిపోవడం, మిగిలినదాన్ని చెరిగి ఎండబోసి దాచుకోవడం మా ఇంట్లో ఏటా జరిగేదే. నిరుడు మార్చిలో 50 కిలోలు పట్టే, గాలి చొరని మూడు పొరల సంచులు కొని రెండింటిలో పెసలు నింపాను. మిగిలిన 50 కిలోలను ఎప్పటిలాగే గోనె సంచిలో కట్టి పక్కనే ఉంచాను. గోనెనూ, కొత్త సంచుల్లో ఒకదాన్నీ వినాయక చవితికి విప్పాను, రెండోదాన్ని విత్తే ముందు డిసెంబరులో విప్పాను. ఈ సంచి గుణదోషాలు తెలియాలంటే ముందు పురుగు ఎలా పెరుగుతుందో తెలియాలి కనుక అక్కడే మొదలుపెడతాను.

పెసలను పుచ్చబెట్టే పెంకు పురుగు చాలావరకు చేలోనుంచే వస్తుంది. పండుతున్న కాయల మీద అది గుడ్లు పెడుతుంది, ఆ పురుగును లోపల పెట్టుకునే గింజ ఇంటికి చేరుతుంది. ఇల్లు చేరిన తరువాత పుట్టిన పురుగులు నేరుగా గింజ మీదే గుడ్లు పెడతాయి. పెసలను అరచేతిలో పోసుకుని వెలుతురులో పరికిస్తే ఆకుపచ్చని పొట్టు మీద సున్నపు చుక్కలా అంటుకుని కనిపించేది ఆ గుడ్డే. నాలుగైదు రోజుల్లో గుడ్డు పొదిగి, పిల్ల పురుగు తానున్న చోటునుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. తినడం, పెరగడం, రెక్కలు రావడం అన్నీ ఆ ఒక్క గింజలోనే ముగించుకుని, మన ఎండల వేడికి దాదాపు నాలుగు వారాల్లో గుండ్రని మూత కోసుకుని బయటపడుతుంది. బయటికి వచ్చిన పురుగు గింజను తినదు. మిగిలిన కొద్ది రోజుల ఆయుష్షులో జతకట్టడం, గుడ్లు పెట్టడమే దాని పని. ఒక్కో ఆడ పురుగు 80 దాకా గుడ్లు పెట్టగలదు.

వాటిలో సగం ఆడవనుకుని, ఏదీ చావదనుకుని లెక్క వేద్దాం. ఒక్క ఆడ పురుగుతో మొదలైతే నెలకు ఆడవి 40, రెండు నెలలకు 1,600, మూడు నెలలకు 64,000, నాలుగు నెలలకు 25 లక్షల 60 వేలు. మా పెసలు 10 గ్రాములు తూచి లెక్కపెడితే 280 గింజలు వచ్చాయి. ఆ లెక్కన 50 కిలోల సంచిలో ఉన్నవి సుమారు 14 లక్షలు. అంటే నాలుగో తరానికి పురుగుల సంఖ్య గింజల సంఖ్యను దాటిపోవాలి. రెండు నెలలపాటు సంచిలో ఏమీ లేనట్టే ఉండి, ఉన్నట్టుండి ఒకనాడు పిండి రాలడానికి కారణం ఇదే. పెరుగుదల మొదటి రోజునుంచీ అదే వేగంతో సాగుతూ ఉంటుంది, మన కంటికి ఆనేంత సంఖ్య మాత్రం చివర్లో వస్తుంది.

అయితే నిజానికి సంచిలో 25 లక్షల పురుగులు పుట్టవు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో షున్రో ఉచిదా అనే శాస్త్రవేత్త 1940ల ప్రాంతంలో ఈ జాతి పురుగులనే పాత్రల్లో పెంచి, కొలిచిన గింజలు వేసి, తరం వెంట తరం లెక్కపెట్టారు. పురుగులు పలచగా ఉన్నప్పుడు ఒక్కో ఆడదానికి మిగిలే సంతానం ఎక్కువ, కిక్కిరిసినకొద్దీ అది తగ్గుతూ పోతుంది. గుంపు ఎక్కువైతే పెట్టిన గుడ్లు వాటి కాళ్ల కిందే నలిగిపోతాయి, ఒకే గింజలో దూరిన పిల్ల పురుగులకు తిండి చాలదు. మా గోనెలో కనిపించింది కూడా అదే. చవితినాడు విప్పి చెయ్యి పెడితే లోపలి గింజ నులివెచ్చగా తగిలింది, పుచ్చు వాసన గుప్పుమంది. ఒక్కో గింజ మీద ఐదారు తెల్లచుక్కలు ఉన్నా రంధ్రాలు మాత్రం ఒకటి, మహా అయితే రెండు. ఎంచకుండా తీసిన 100 గింజల్లో 68 పుచ్చువి. పెరుగుదల ఆగిన మాట నిజమే, కానీ గింజలో తినడానికి ఏమీ మిగలకపోవడం వల్ల ఆగింది.

గోనెలో హద్దు గీసేది గింజ. మూడు పొరల సంచి ఆ హద్దును గాలి దగ్గరికి జరుపుతుంది, దాని గొప్పతనమంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం. ఈ పద్ధతి 1980ల చివర కామెరూన్ దేశంలో అలసందలు పండించే రైతుల కోసం రూపుదిద్దుకుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన ల్యారీ మర్డాక్ బృందం దానిని అభివృద్ధి చేసింది. ఒకదానిలో ఒకటి పెట్టిన 80 మైక్రాన్ల మందపు పాలిథిన్ సంచులు రెండు, వాటికి పైన ఎరువుల బస్తా లాంటి నేత సంచి ఒకటి, ఇంతే దాని నిర్మాణం. మందు అనేది ఎక్కడా లేదు. గింజల సందుల్లో చిక్కిన గాలిని లోపలి పురుగులే పీల్చి ఖర్చుచేస్తాయి. మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్ బాగా పడిపోగానే పిల్ల పురుగు తినడం మానేస్తుంది. ఎండు గింజలో నీరు దాదాపు దొరకదు కనుక, ఒంటికి కావలసిన నీటిని అది తిన్న తిండిని ఆక్సిజన్‌తో మండించుకునే తయారుచేసుకుంటుంది. గాలి అందకపోతే ఆ నీరూ పుట్టదు, పురుగు ఎండిపోయి చస్తుంది. పురుగు ఎక్కువగా ఉన్న సంచిలో గాలి తొందరగా అయిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతి.

చవితికి విప్పిన సంచిలో 100 గింజలకు 4 పుచ్చువి కనిపించాయి. మార్చిలో నింపేనాడు లెక్కపెట్టినప్పుడు 3 ఉన్నాయి. చేటలో పోసి చెరిగితే పది పదిహేను చచ్చిన పురుగులు వచ్చాయి, బతికినది ఒక్కటీ లేదు. లోపలి పొరను వెలుతురుకు పట్టి చూస్తే సూదిమొనంత రంధ్రాలు మూడు ఉన్నాయి. అవి పురుగు బయటపడబోయి చేసినవి అయి ఉండాలి, ఎందుకంటే వాటికి ఎదురుగా రెండో పొర చెక్కుచెదరలేదు. ఒక పొర చాలదా అని కొనేటప్పుడు నాకు కలిగిన సందేహం అక్కడితో తీరిపోయింది. డిసెంబరులో విప్పిన విత్తనం సంచిలోనుంచి 100 గింజలు తడిగుడ్డలో మూటకట్టి చూస్తే 91 మొలిచాయి. గోనెలో రంధ్రం లేనివే ఏరి కట్టినా 57 మాత్రమే మొలిచాయి.

వాడకంలో జాగ్రత్త తప్పితే ఈ ఫలితం రాదు. పక్కింటి పెద్దాయన చూసి, "గాలాడకపోతే గింజ ముక్కిపోదా బాబూ?" అని అడిగారు. తడి ఉన్న గింజ తప్పకుండా ముక్కుతుంది, బూజు కూడా పడుతుంది. అందుకే పంటికింద పెడితే టప్పున పగిలేదాకా ఎండబెట్టి, చల్లారిన తరువాతే నింపాలి. కాడలూ పుల్లలూ ఏరకపోతే పాలిథిన్‌కు గుచ్చుకుంటాయి. సంచిని నిండుగా నింపి, పైన మిగిలిన గాలిని అదిమి వెళ్లగొట్టి, ఒక్కో పొరనూ మెలిపెట్టి మడిచి విడివిడిగా తాడుతో కట్టాలి. సగం నింపి కడితే పురుగుకు అంత గాలి ముందే సమకూర్చిపెట్టినట్టు అవుతుంది. వారానికోసారి విప్పి సోలెడు తీసుకునే ఇల్లయితే సంచి కొన్న ఫలం దక్కదు, విప్పిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుంది. మేము విప్పిన సంచిని ఆ రోజే డబ్బాల్లోకి సర్దేశాం.

లోపాలూ ఉన్నాయి. మూడు సంచులు కొంటే ఒకదాని లోపలి పొర అతుకు దగ్గర గాలి జారింది. ఊది మెలిపెట్టి నొక్కి చూడబట్టి నింపకముందే తెలిసింది, అమ్మిన దుకాణం మాత్రం మార్చి ఇవ్వలేదు. ఇంత జాగ్రత్తగా వాడవలసిన వస్తువుతో తెలుగులో ఒక్క సూచన కాగితం కూడా రాకపోవడం నాకు బాధ కలిగించింది. ఎలుక పళ్లకు ఈ ప్లాస్టిక్ ఏమాత్రం ఆగదు కనుక సంచులను గోడకు దూరంగా బల్లమీద పెట్టాలి. ఒక్కోటి 200 రూపాయల లోపే పడింది, పొరలు చిరగకపోతే మళ్లీ వాడుకోవచ్చు, కనుక ధర గురించి నాకు ఫిర్యాదు లేదు.

మన పాత పద్ధతులను ఈ సంచి తీసిపారేస్తుందని నేను అనను. కందులకు ఎర్రమట్టి పట్టించడం, పెసలకు కాస్త నూనె రాయడం గుడ్డు దశలోనే దెబ్బకొట్టే ఉపాయాలు. గింజను పప్పుగా విసిరి దాచుకోవడం ఇంకా తెలివైన పని, పొట్టు తీసిన బద్దలో ఈ పురుగు సంసారం అంత సులువుగా సాగదు. ఇంట్లో తినే నాలుగైదు కిలోలకు అవే చాలు, సంచి అక్కరలేదు. విత్తనానికి మాత్రం మొలక చెడకూడదు, బస్తాల కొద్దీ గింజకు నూనె రాయడం కుదరదు, విషవాయువు వదిలే బిళ్లలు నివాసమున్న ఇంట్లో పెట్టడం ప్రాణాంతకం. ఆ అవసరానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు తెలియదు.

ఈ ఏడు మరో నాలుగు సంచులు, ఈసారి కొట్టులోనే ఊది చూసుకుని తెచ్చాను. విత్తనం సంచిని విడిగా కట్టి, మూతి దగ్గర తేదీ రాసి, డిసెంబరు దాకా ఎవరూ ముడి విప్పవద్దని ఇంట్లో చెప్పి ఉంచాను.